పడిన చేతికి మరల చదువు

"కాలుసేతులు పట్టి లాగుట కిన్నేండ్ల చదువెందుకమ్మా?" యని మా తాతగారొకనాడు నన్నడిగిరి. అప్పుడు నాకు కోపము వచ్చినది. తగిన యుత్తరము తరువాత నొక రోగివలన దొరికినది. దానినే పెద్దలగు మీకు విన్నవించుచున్నాను.

నా చదువు పేరు ఫిజియోథెరపీ. మందును, కత్తిని నమ్ముకొనక, కదలికచేతనే శరీరమును బాగుచేయు విద్య యిది. ఇంగ్లండులో 1894లో నలుగురు నర్సులు దీనికొక సంఘము నేర్పరచిరి. మన దేశమున 1953లో బొంబాయిలో దీనికి పాఠశాల వెలసినది. పోలియో బిడ్డల కాళ్లను చంపుచున్న దినములవి. నేను నాలుగేండ్లు చదివి, ఆరునెలలు ఆసుపత్రిలో పని నేర్చి మొదటి పట్టము పొందితిని. ఆపై రెండేండ్ల పైచదువునకు నరముల జబ్బుల శాఖలో చేరితిని.

మాకు మొదట నేర్పునది లాగుట కాదు, కొలుచుట. కండబలమునకు సున్న మొదలు అయిదువరకు మార్కులు వేయుదుము. కండ బొత్తిగా పలుకనిచో సున్న. అదిరి యూరకున్న ఒకటి. పరుపుమీద ప్రక్కకు జరిగిన రెండు. తన బరువును తానే పైకెత్తుకొన్న మూడు. మనము అదిమిపట్టినను లొంగనిచో అయిదు.

నాకప్పగించిన రోగి యొక రైతు, అరువదియైదేండ్లవాడు. కుడికాలు, కుడిచేయి పడిపోయినవి. నోరు వంకరపోయి మాట తడబడిననాడు ఇంటివారు పసరుమందులకై రెండు దినములు తిరిగి, పిదప ఆసుపత్రికి తెచ్చిరి. మెదడులో నెత్తురుగడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతమునకు ఆ గడ్డను కరగించు మందు కలదు. కాని దానిని సాధారణముగా నాలుగున్నర గంటలలోపలనే యీయవలయును. అయ్యలారా, నా ప్రసంగములో తక్కిన దెల్ల మరచినను ఈ లెక్కను మరువకుడు.

ఇక నా తప్పు. ఒకనాడు తొందరలో నుండి, ఆయనను మంచముమీదనుండి లేపుటకు పడిన చేతినే పట్టి లాగితిని. భుజపు కీలులో గుండు పెద్దది, గిన్నె లోతు లేనిది. ఆ గుండును నిలిపి యుంచునవి చుట్టునున్న కండలే. అవి సడలినప్పుడు చేయి త్రాడు జారిన కావడివలె క్రిందికి వ్రేలాడును. దానిని లాగిన కీలు మరింత చెడును. ఆ సాయంకాలము మొదలు ఆయన భుజమునకు పోటు పట్టినది. మూడువారములు ఎవ్వరిని చేయి తాకనీయలేదు. మా గురువుగారు కోపపడలేదు. నన్నే ఆ మంచముప్రక్క కూర్చుండబెట్టి, చేతిక్రింద దిండు సరిగా నమర్చుట నేర్పిరి.

అట్టివారిని లేపు విధము వేరు. పాదములు రెండును నేల కానించి, మోకాళ్లకంటె కొంచెము వెనుకకు పెట్టింపవలెను. నడుమునకు మడతపెట్టిన తుండుగుడ్డ గట్టిగా చుట్టి, దానిని పట్టుకొని, బలహీనమైన వైపున మనము నిలువవలెను. రోగి ముక్కు పాదములమీదికి వచ్చునంత ముందుకు వంగి, తన కాళ్లతో తానే లేవవలెను. చంకలలో చేతులు పెట్టి యెత్తరాదు. ప్రేమతో కుమారులు చేయు పని యదియే.

చచ్చిన మెదడుకణములు తిరిగి రావు. కాని పెద్దకాలువకు గండిపడినప్పుడు పిల్లకాలువలద్వారా నీరు మళ్లించినట్లు, తక్కిన మెదడు ఆ పనిని కొంతవరకు నేర్చుకొనును. ఆ నేర్పు పదేపదే చేసినగాని రాదు. వందసార్లు చేసిన పనిని మరునాడు మరల వందసార్లు చేయింతుము. విసుగు రోగికే కాదు, మాకును కలుగును.

నాలుగునెలలకు ఆయన కఱ్ఱ పట్టి వీథివరకు నడచెను. నేను సంతోషించితిని గాని ఆయన సంతోషింపలేదు. కోడలు అన్నము కలిపి నోటికందించుచుండెను. "ఎడమచేత తినుడు" అన్నచో ముఖము త్రిప్పుకొనెడివాడు. ఇన్నినాళ్లు నేను కొలిచినది ఆయన కాలిని. ఆయనకు కావలసినది చేయి. ఆయన కోరిక యేమని నేనొక్కసారియు అడిగియుండలేదు.

అప్పటినుండి చేతిపని పెంచితిని. మోచేయి మూడు మార్కులకు వచ్చినది కాని, వ్రేళ్లు ముడుచుకొనుటయేగాని విప్పుకొనుట లేదు. ఒక చెంచా పిడికి గుడ్డ దళముగా చుట్టి, ఆ పిడికిలిలో ఇమిడ్చితిని. మొదటిదినమున పెరుగన్నము సగము పంచెమీద పడినది. కోడలు తుడువబోగా ఆయన ఎడమచేత వారించి, రెండవ ముద్దకై వంగెను.