తల్లికి పడనిది బిడ్డకూ పడదా?

బిడ్డ రాత్రి గుక్కపట్టి ఏడిస్తే ఇంట్లో ముందు అడిగే ప్రశ్న "నువ్వేం తిన్నావే?" అని. మరునాటి నుంచి బాలింతకు పప్పు బంద్, పెరుగు బంద్. కొల్లేరు ఒడ్డున ఉండి కూడా చేప ముక్క ఎరుగని పథ్యం. ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఇళ్లలోనూ ఇది వినే మాటే. ఇందులో నిజమెంత?

శనగపప్పు తింటే మీకు పొట్ట ఉబ్బరించవచ్చు. ఆ గాలి మీ పేగుల్లోనే ఉంటుంది, పాలలోకి దానికి దారి లేదు. అలాగే పాలు తాగితే కొందరు పెద్దవాళ్లకు కడుపులో గడబిడ, విరేచనం. పాలలోని లాక్టోజు అనే చక్కెరను అరిగించే శక్తి వయసుతో తగ్గడమే అందుకు కారణం. ఇది తల్లి నుంచి పాల ద్వారా బిడ్డకు అంటదు. మీరు గేదె పాలు తాగినా మానినా చనుబాలలోని లాక్టోజు రొమ్ములోనే తయారవుతుంది. దాన్ని అరిగించుకునే శక్తి పసిబిడ్డకు పుట్టుకతోనే ఉంటుంది. రొయ్యలు తింటే మీకు దద్దుర్లు వస్తాయా? మీరు మానండి. అంతమాత్రాన పప్పూ, గుడ్డూ కూడా మానక్కరలేదు.

ఏడుపంటారా, చాలామంది బిడ్డలు ఆరో వారం ప్రాంతంలో ఎక్కువగా ఏడ్చి, మూడు నాలుగు నెలలకు తగ్గిస్తారు.

అయితే పెద్దల మాట పూర్తిగా కొట్టివేయదగినదీ కాదు. తల్లి తిన్న పాలు, గుడ్డు వంటివాటిలోని మాంసకృత్తులు అతికొద్దిగా చనుబాలలోకి వస్తాయి. బహుకొద్దిమంది బిడ్డలకు అవి పడవు, ముఖ్యంగా ఆవుపాలవి. విరేచనంలో రక్తపు చారలు, జిగట, మానని గజ్జి వంటి దద్దు, పదేపదే వాంతులు, బరువు పెరగకపోవడం కనిపిస్తే డాక్టరుకు చూపించండి. ఆయన చెబితే రెండు నుంచి నాలుగు వారాలు పాలు, పెరుగు, మజ్జిగ, కోవా మానాలి. ఆవుపాలకు బదులు గేదె పాలు తాగితే లాభం లేదు, రెండూ ఒకే కోవవి. గుణం కనిపించాక మళ్లీ తిని చూస్తేనే కారణం తేలుతుంది. ఆ రోజుల్లో సున్నపు ధాతువు కోసం రాగి జావ, నువ్వులు, ముళ్లతో నమిలే చిన్న చేపలు తినండి. చనుబాలు మాత్రం ఆపవద్దు.

పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు సుమారు 600 కాలరీలు అదనంగా కావాలి. అత్తగారూ, వడ్డించేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి!

"నీ పాలు పడలేదు" అని డబ్బా పాలు పట్టారనుకోండి. బిడ్డ రొమ్ము పట్టడం తగ్గుతుంది, అండం మళ్లీ విడుదల కావచ్చు, బహిష్టు కనిపించకముందే గర్భం నిలవవచ్చు. 1988లో ఇటలీలోని బెల్లాజియోలో కూడిన నిపుణులు చెప్పినది ఇదీ: బిడ్డకు ఆరు నెలలు నిండకుండా ఉండి, రేయింబవళ్లు తల్లిపాలే పడుతూ, తల్లికి ముట్టు రాకుండా ఉంటే గర్భం వచ్చే అవకాశం నూటికి రెండు కంటే తక్కువ. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ రక్షణ పోయినట్లే. భార్యాభర్తలిద్దరూ కలిసి ఉపకేంద్రానికి రండి. నిరోధ్, కాపర్-టి, ఛాయ మాత్రలు, అంతర ఇంజెక్షన్ గురించి ఎ.ఎన్.ఎం. చెబుతారు. మాల-ఎన్ మాత్రలు మాత్రం పాలిచ్చే తల్లి ఆరు నెలలు నిండేదాకా వేసుకోకూడదు, పాలు తగ్గవచ్చు.