తంత్రిపై నాదం నిలవకపోతే

తంత్రీవాద్యంపై ఒక్క మీటుకు పుట్టిన నాదం ఎంతసేపు వినిపిస్తుందన్నది వాదకునికి ముఖ్యమైన విషయం. వీణపై తంత్రిని పక్కకు లాగి గమకం పలికించేటప్పుడు, ఆ గమకం ముగిసేదాకా నాదం నిలిచి ఉండాలి. పాలకొల్లులో 1969లో జన్మించిన మాండొలిన్ విద్వాంసుడు యు. శ్రీనివాస్ జంట తంత్రులుండే సాధారణ మాండొలిన్‌ను కాదని, ఐదు ఒంటి తంత్రులు గల విద్యుత్ మాండొలిన్‌పై కర్ణాటక సంగీతం వినిపించారు. గమకప్రధానమైన ఆ సంగీతానికి నాదపు నిడివి అత్యవసరం. ఈ నిడివినే గిటారు వాదకులు ‘సస్టెయిన్’ అంటారు.

సాధారణ గిటారుకు బోలు పెట్టె ఉంటుంది. తంత్రి కంపనం ఆ పెట్టె పైపలకను కదిలిస్తుంది. పలక గాలిని కదిలిస్తుంది. అందువల్ల ధ్వని బిగ్గరగా వినిపించినా, తంత్రిలోని శక్తి త్వరగా ఖర్చవుతుంది. విద్యుత్ గిటారులో ఆ పని ‘పికప్’ చేస్తుంది. అయస్కాంతాలు, వాటి చుట్టూ చుట్టిన సన్నని రాగి తీగ తంత్రి కదలికను విద్యుత్తుగా మారుస్తాయి. కనుక పెట్టె బోలుగా ఉండనక్కరలేదు. 1940ల ఆరంభంలో అమెరికన్ వాదకుడు లెస్ పాల్ ఒక గట్టి కొయ్య దిమ్మెకే తంత్రులు బిగించి ప్రయోగం చేశాడు. 1950లో లియో ఫెండర్ సంస్థ, 1952లో గిబ్సన్ సంస్థ గట్టి దేహం గల గిటార్లను విపణిలోకి తెచ్చాయి. ఇటువంటి వాద్యంలో నాదం చప్పున అణగిపోతోందంటే, తంత్రి శక్తి ఎక్కడో కారిపోతున్నదని అర్థం. చిల్లు ఎక్కడుందో తెలుసుకోకుండా కుండ మార్చడం దండగ. అయినా చాలామంది కొత్త పికప్ కొనడానికో, మెడలోని ఇనుప కడ్డీని తిప్పడానికో ముందుగా పూనుకుంటారు. ఆ కడ్డీతో తొందరపడితే వాద్యమే పాడవుతుంది.

తొలి అనుమానం తంత్రులపైననే ఉండాలి. చేతి చెమట, దుమ్ము, తుప్పు పట్టిన తంత్రి కొత్తదానివలె స్వేచ్ఛగా కంపించదు. సముద్రతీరపు ఊళ్లలో తేమ వల్ల ఈ దోషం మరింత త్వరగా వస్తుంది. ఒక్క జత కొత్త తంత్రులతో తీరిపోయే సమస్యకు వేలు ఖర్చు చేసినవారు ఎందరో.

తంత్రులు మార్చినా ఫలితం లేకపోతే పరీక్ష మొదలుపెట్టాలి. ముందు మెట్టు నొక్కకుండా తంత్రిని మీటి వినాలి. తరువాత ఒక్కొక్క మెట్టుపై నొక్కి వినాలి. నొక్కకుండా మీటినప్పుడు మాత్రమే నాదం మొద్దుబారితే, దోషం మెడ పైకొసన తంత్రులు దిగే గంట్లలో ఉంటుంది. గంటు మరీ లోతైనా, వదులైనా తంత్రికి గట్టి ఆధారం దొరకదు. ఒకే ఒక మెట్టు దగ్గర ‘జుయ్’మని రొద వస్తే, దాని తరువాతి మెట్టు కొద్దిగా పైకి లేచి ఉంటుంది. చాలా మెట్లపై రొద వినిపిస్తే తంత్రుల ఎత్తునూ మెడ వంపునూ చూడాలి. కంపించే తంత్రి మెట్టును తాకిన ప్రతిసారీ కొంత శక్తిని అక్కడ వదిలిపెడుతుంది.

మెడ విషయం కొంత వివరంగా తెలుసుకోవలసినది. సాధారణంగా వాడే ఆరు తంత్రులను శ్రుతి చేసినప్పుడు అవన్నీ కలిసి మెడను సుమారు 45 కిలోల బరువుకు సమానమైన బలంతో లాగుతాయి. ఆ లాగుడుకు కొయ్య మెడ ముందుకు వంగుతుంది. దీనిని అదుపు చేయడానికి మెడలోపల ఉక్కు కడ్డీ అమర్చుతారు. దానిపేరు ‘ట్రస్ రాడ్’. సర్దుబాటుకు వీలైన ఇటువంటి కడ్డీకి గిబ్సన్ సంస్థ ఉద్యోగి థాడియస్ మెక్‌హ్యూ పేరిట 1923లో పేటెంటు లభించింది. మెడ పూర్తిగా తిన్నగా ఉండాలనుకోవడం పొరపాటు. తంత్రి నడుమ ఎక్కువగా ఊగుతుంది. ఆ ఊపుకు చోటివ్వడానికి మెడ నడుమ స్వల్పమైన పల్లం కావాలి. తంత్రిని మొదటి మెట్టుపైన ఒక చేతితో, మెడ దేహంలో కలిసేచోటి మెట్టుపైన మరొక చేతితో నొక్కి పట్టి, ఏడవ మెట్టు దగ్గర ఖాళీ ఎంత ఉందో చూడాలి. అది దాదాపు 0.25 మిల్లీమీటర్లు, అంటే ఒక విజిటింగ్ కార్డు మందం, ఉంటే చాలు. ఖాళీ అసలే లేకపోతే మెడ వెనుకకు వంగిందనీ, మరీ ఎక్కువగా ఉంటే ముందుకు వంగిందనీ గ్రహించాలి.

సాధారణంగా కడ్డీ మరను కుడివైపు తిప్పితే మెడ తిన్ననవుతుంది. ఎడమవైపు తిప్పితే పల్లం పెరుగుతుంది. ఒక్కసారికి పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పరాదు. తిప్పిన తరువాత మళ్లీ శ్రుతి చేసి, కొయ్య కుదుటపడేదాకా ఆగి, తిరిగి కొలవాలి. మర మొరాయిస్తే బలం ఉపయోగించక నిపుణుని చేతికివ్వడం మేలు. మర అరిగినా, కడ్డీ తెగినా మరమ్మతు సులభం కాదు. తంత్రుల ఎత్తు తగ్గించడానికి ఈ కడ్డీని వాడకూడదు. ఎత్తుకు వేరే మరలు బ్రిడ్జిపైన ఉన్నాయి. మెడ వంపు సరిచేసిన తరువాతనే వాటిని ముట్టుకోవాలి. పన్నెండవ మెట్టు దగ్గర లావు తంత్రి 2 మిల్లీమీటర్లు, సన్నని తంత్రి 1.5 మిల్లీమీటర్ల ఎత్తున ఉండడం ఆరంభానికి తగిన కొలత. బలంగా మీటేవారికి మరికొంత ఎత్తు కావలసి వస్తుంది. మెడను మరలతో బిగించిన గిటార్లలో ఆ మరలు వదులయ్యాయేమో కూడా చూడాలి.

పికప్‌ను తంత్రులకు మరీ దగ్గరగా పైకి ఎత్తినా చిక్కే. ధ్వని పెరుగుతుందని అలా చేస్తారు గాని, బలమైన అయస్కాంతం ఉక్కు తంత్రిని తనవైపు లాగి కంపనాన్ని చెదరగొడుతుంది. లావు తంత్రులపై స్వరం వణికినట్లు వినిపించడం దీని గుర్తు. పికప్‌ను కొద్దిగా కిందికి దించితే సరిపోతుంది.

ఇవన్నీ సరిగా ఉన్నా ఒక్కొక్కచోట, రొద ఏమీ లేకుండానే, స్వరం ఆరిపోయే గిటార్లున్నాయి. మూడవ తంత్రిపై ఐదు నుంచి ఏడవ మెట్టు వరకు ఇది తరచుగా కనిపిస్తుంది. దీనికి కారణం మెడ స్వభావమే. ప్రతి కొయ్య మెడకూ తనవైన సహజ కంపనాలు ఉంటాయి. తంత్రి స్వరం వాటిలో ఒకదానితో కలిసినప్పుడు మెడ తానూ ఊగి తంత్రి శక్తిని లాక్కుంటుంది. 1990లలో జర్మన్ పరిశోధకులు గిటారు మెడల కదలికను కొలిచి ఈ సంగతిని నిరూపించారు. బిరడాలుండే తల భాగానికి చిన్న బిగింపు పట్టీ తగిలించి చూస్తే బరువు మారి, నాదం అణగే చోటు ఒకటి రెండు మెట్లు పక్కకు జరుగుతుంది. అలా జరిగితే దోషం మెడ కంపనానిదేనని తేలుతుంది. దానిని ట్రస్ రాడ్ తీర్చలేదు. మెట్లు అరగదీసినా ప్రయోజనముండదు. మూడవ తంత్రిపై ఏడవ మెట్టున పలికే స్వరమే రెండవ తంత్రిపై మూడవ మెట్టునా, నాలుగవ తంత్రిపై పన్నెండవ మెట్టునా దొరుకుతుంది. నిడివి కావలసిన చోట వాదకుడు వేలిని అక్కడికి మార్చుకుంటాడు.