చికిత్స తర్వాత పెరిగిన చెవి హోరు: అపోహలు, వాస్తవాలు

బయట ఏ చప్పుడూ లేకపోయినా చెవిలో గుయ్యిమనో, కీచుమనో, ఈల వేసినట్టో వినిపించడాన్ని డాక్టర్లు టిన్నిటస్ అంటారు. ఇది అరుదైన జబ్బేమీ కాదు. 2022లో జామా న్యూరాలజీ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం ప్రపంచంలో 74 కోట్ల మందికి పైగా పెద్దవాళ్ళకు ఈ హోరు ఉంది. వాళ్ళలో సుమారు 12 కోట్ల మందికి అది తీవ్రంగా ఉంది.

కొందరి విషయంలో ఇది ఇంకాస్త చేదు. ఏళ్ళ తరబడి సర్దుకుపోయిన హోరు ఒక స్కానింగో, గులిమి తీయించుకోవడమో, పంటి పనో, ఇంజెక్షన్ల కోర్సో అయ్యాక ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ సంగతి చెబితే ఎదురయ్యే మాటలు రెండు. ఒకటి, "అంతా నీ భ్రమ." రెండోది, "చెవి పాడైపోయింది, ఇక జన్మంతా ఇంతే." రెండూ తొందరపాటు తీర్పులే.

అపోహ: తలకో నడుముకో స్కానింగ్ తీస్తే చెవికేమవుతుంది?

ఎంఆర్‌ఐ యంత్రంలో రేడియేషన్ లేదు గానీ రొద మాత్రం విపరీతం. బలమైన అయస్కాంత క్షేత్రం మధ్య తీగచుట్టల్లో కరెంటు వేగంగా మారుతుంటే అవి అదిరి ఆ బాదుడు పుడుతుంది. 3 టెస్లా యంత్రాల్లో అది 110 డెసిబెల్స్ దాటవచ్చు. రక్షణ పెట్టుకున్నాక చెవికి చేరే శబ్దం 99 డెసిబెల్స్ మించకూడదని అంతర్జాతీయ ప్రమాణం ఉంది. చిక్కు ఆ రక్షణ దగ్గరే. హడావిడిలో చెవి అంచున తగిలించిన స్పాంజి ప్లగ్ ఉన్నా లేనట్టే. దాన్ని వేళ్ళతో సన్నగా నలిపి, చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగి, లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా పట్టుకోవాలి. దాని మీద హెడ్‌ఫోన్ కూడా అడగవచ్చు. హోరు ఉన్నవాళ్ళు ఆ మాట టెక్నీషియన్‌కు ముందే చెప్పాలి. అలా చెప్పడం చాదస్తం కాదు. సీటీ స్కాన్‌లో ఈ స్థాయి రొద ఉండదు.

అపోహ: గులిమి తీయడం ఎవరైనా చేసే చిన్న పని

గులిమి గట్టిగా అడ్డుపడి హోరు వచ్చినవాళ్ళకు దాన్ని తీస్తే హాయిగా ఉంటుంది. అది నిజమే. కానీ ఒత్తిడితో కొట్టిన నీళ్ళు కర్ణభేరిని చీల్చగలవు. చేత్తో నొక్కే పాతకాలపు లోహపు సిరంజి వాడవద్దని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2018లోనే చెప్పింది. సన్నని గొట్టంతో పీల్చే పద్ధతి అంతకన్నా నయం, అయితే ఆ పీల్పు చప్పుడు చెవి లోపల గట్టిగానే మోగుతుంది. మధ్యమధ్యలో ఆపమని అడిగితే ఏ మంచి డాక్టరూ కోప్పడడు. బస్టాండు దగ్గర పుల్లతో గులిమి తీసేవాళ్ళకూ, కర్ణభేరికి చిల్లు ఉందో లేదో చూడకుండా వెచ్చటి నూనె పోసే పెద్దమ్మలకూ మాత్రం ఒక దండం.

పంటి పని సంగతి వేరు. దవడ నుంచీ మెడ నుంచీ వచ్చే నరాల సంకేతాలు మెదడు కాండంలో వినికిడి దారితో కలుస్తాయి. పళ్ళు బిగపట్టినా, మెడ తిప్పినా చాలామందికి హోరు మారేది అందుకే. రూట్ కెనాల్ కోసం గంటసేపు నోరు తెరిచి కూర్చుంటే దవడ కండరాలు పట్టేసి చప్పుడు పెరగవచ్చు. దవడ సడలాక అది తగ్గే అవకాశమూ ఉంది.

కాన్పు ఆపరేషన్ కోసం వెన్నులో మత్తు ఇచ్చాక కొందరికి లేచి కూర్చుంటే తలనొప్పి, దాంతోపాటు చెవిలో హోరు వస్తాయి. సూది గుచ్చిన చోట వెన్ను ద్రవం కారి లోపలి ఒత్తిడి తగ్గడమే దానికి కారణం. చాలావరకు కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లే. బాలింతలు ఈ లక్షణాన్ని "బలహీనత" అనుకుని ఊరుకోకుండా డాక్టరుకు చెప్పాలి.

అపోహ: మందుతో వచ్చిన హోరు మందు మానితే పోతుంది

మందును బట్టి ఉంటుంది. ఎక్కువ మోతాదు ఆస్పిరిన్‌తో వచ్చే హోరు సాధారణంగా మందు ఆపితే తగ్గుతుంది. అలాగని గుండె కోసం రోజూ వేసుకునే 75 మిల్లీగ్రాముల బిళ్ళను భయపడి ఆపేయకూడదు. ఆ మోతాదు వేరు, ఆపితే వచ్చే ప్రమాదం వేరు.

జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ వంటి ఇంజెక్షన్లు, క్యాన్సర్‌కు ఇచ్చే సిస్‌ప్లాటిన్ అలా కాదు. అవి లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కేశకణాలను చంపేయగలవు. కోళ్ళకు ఆ కణాలు మళ్ళీ పుడతాయని 1980ల చివర్లో తేలింది. మనకు ఆ అదృష్టం లేదు. మొండి టీబీకి నెలల తరబడి కనామైసిన్ పొడిపించుకుని, ప్రాణం దక్కి వినికిడి పోగొట్టుకున్నవాళ్ళు మన దేశంలో తక్కువేం కాదు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కనామైసిన్‌ను వద్దంది. బెడాక్విలిన్ వంటి నోటి మాత్రలు వచ్చాయి. పిల్లల్లో కొన్ని క్యాన్సర్లకు సిస్‌ప్లాటిన్ ఇచ్చేటప్పుడు వినికిడిని కాపాడేందుకు సోడియం థయోసల్ఫేట్‌ను అమెరికా 2022లో ఆమోదించింది.

అపోహ: పరీక్షలో వినికిడి నార్మల్, కాబట్టి ఈ ఫిర్యాదు అబద్ధం

మామూలు ఆడియోగ్రామ్ 250 నుంచి 8,000 హెర్ట్జ్ దాకానే చూస్తుంది. సిస్‌ప్లాటిన్ వంటి మందులు ముందు దెబ్బతీసేది అంతకన్నా పై స్వరాలను. వాటిని చూసే పరీక్ష వేరే ఉంది, అడిగి చేయించుకోవచ్చు. పైగా కొలిచి చూస్తే చాలామంది హోరు వాళ్ళ వినికిడి హద్దుకు పది డెసిబెల్స్ పైన కూడా ఉండదు. అంత చిన్న శబ్దం మనిషిని అంత పీడిస్తుందంటే, చూడాల్సింది శబ్దం పరిమాణాన్ని ఒక్కటే కాదు, దాన్ని మెదడు ప్రమాదంగా లెక్కగట్టడాన్ని కూడా. భ్రమ అనడానికీ దీనికీ చాలా దూరం ఉంది.

అపోహ: నరం కోసేస్తే శబ్దం పోతుంది

విసిగిపోయినవాళ్ళు అడిగేది ఇదే. వినికిడి నరం మీది గడ్డలను తొలగించిన అమెరికన్ సర్జన్లు హౌస్, బ్రాక్‌మన్ 1981లో 500 మంది రోగుల వివరాలు ప్రచురించారు. ఆ ఆపరేషన్‌లో ఆ చెవి వినికిడి పూర్తిగా పోతుంది. అయినా దాదాపు సగం మందికి హోరు ఇంకా పెరిగింది. చెవి నుంచి కబురు ఆగిపోతే మెదడు తన వాల్యూమ్ తానే పెంచుకుంటుంది.

నిశ్శబ్దమే మందు అనుకోవడమూ పొరపాటే. 1953లో హెలర్, బెర్గ్‌మన్ మామూలు వినికిడి ఉన్న 80 మందిని శబ్దం చొరని గదిలో కూర్చోబెడితే 94 శాతం మందికి ఏదో ఒక చప్పుడు వినిపించింది. కాబట్టి రాత్రి ఫ్యానో, సన్నగా వాన శబ్దమో పెట్టుకోవడం మేలు. ఎప్పుడూ చెవులు మూసుకుని తిరగడం మేలు కాదు.

అపోహ: జింక్ మాత్రలో, గింకో బిలోబా మాత్రలో వాడితే చాలు

అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం 2014 మార్గదర్శకాల్లో ఈ రెండింటినీ వద్దంది. మేలని చెప్పినవి వినికిడి లోపం ఉన్నవాళ్ళకు హియరింగ్ ఎయిడ్, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. ఈ థెరపీ శబ్దాన్ని తీసేయదు, దాని మీద భయాన్ని తగ్గిస్తుంది. వారాలు, నెలలు గడిచేకొద్దీ చాలామంది మెదడు ఆ శబ్దాన్ని పట్టించుకోవడం తగ్గిస్తుంది.

ఆగకూడని సందర్భాలు మాత్రం ఉన్నాయి. చికిత్స తర్వాత ఒక చెవి హఠాత్తుగా వినిపించకపోతే అదే రోజు ఈఎన్‌టీ డాక్టరును కలవాలి. స్టెరాయిడ్ చికిత్స మొదటి రెండు వారాల్లో మొదలుపెడితేనే ఫలితం ఎక్కువ. హోరు గుండె లయతో పాటు కొట్టుకుంటుంటే రక్తనాళాల పరీక్ష అవసరం. నిద్ర పట్టక చచ్చిపోవాలనిపిస్తే టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.