ఆదివారం కొన్న చేప - బుధవారం పులుసు

కృష్ణ ఒడ్డున ఉన్న పల్నాటి వారికి చేప కొత్త కాదు. శీలావతి, బొచ్చె, కొరమేను మన ఇళ్ళలో తరచు వండుకొనేవే. ఒకప్పుడు తెచ్చిన పూటే వండి తినేవారు. నేడు ఆలుమగలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇళ్ళలో ఆదివారం కొన్న చేపను ఫ్రిజ్‌లో దాచి వారం మధ్యలో వండుకొంటున్నారు. “ఇది చద్దికూడుతో సమానమా?” అని నన్ను అడిగే గృహిణులు ఎందరో.

శాస్త్రం చెప్పినది

చరకసంహిత సూత్రస్థానం 25వ అధ్యాయంలో చేపలన్నింటిలోను రోహితం హితమైనదని ఉన్నది. అదే మన శీలావతి. చేప మధురం, గురువు, ఉష్ణం, స్నిగ్ధం. బలమునిచ్చి వాతమును తగ్గిస్తుంది, కఫపిత్తములను పెంచుతుంది. నిలువ ఉండి చెడిన పర్యుషితాహారాన్ని మన గ్రంథాలు నిషేధించినవి. ఫ్రీజరు సంగతి వాటిలో ఉండదు కనుక యుక్తితో నిర్ణయించుకోవాలి. గడ్డకట్టిన చేపలో కుళ్ళు ఆగుతుంది. సూక్ష్మక్రిములు మాత్రం చావవు, నిద్రిస్తాయి. అందువలన అది తాజా చేపకు సాటిరాదు గాని, సరిగా దాచినది పర్యుషితం కాదని నా అభిప్రాయం. వండిన పులుసును మూడు రోజులు కాచి కాచి తినుటకంటె పచ్చి ముక్కలను దాచి ఏ పూటకాపూట వండుకొనుటే మేలు.

దాచే విధానం

1. కళ్ళు తేటగా, మొప్పలు ఎర్రగా ఉండి, నొక్కితే కండ తిరిగి పైకి లేచే చేపనే కొనండి. పాతబడిన చేపను ఏ ఫ్రీజరూ బాగుచేయలేదు.

2. పొలుసు, మొప్పలు, పేగులు తీయించి, ఇంటికి రాగానే రాళ్ళ ఉప్పు, పసుపుతో కడిగి, శుభ్రమైన గుడ్డతో తడి అద్దండి.

3. కొద్దిగా పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించండి. ఉప్పు ఎక్కువైతే ముక్కలోని నీరు లాగివేస్తుంది, వండేటప్పుడు వేసుకోండి.

4. ఒక పూటకు సరిపడే ముక్కలను ఒకే వరుసలో కవరులో పరచి, గాలి తీసి, తేదీ వ్రాసి ఫ్రీజరులో ఉంచండి. పలుచగా పరచినవి త్వరగా గడ్డకడతాయి.

మైనస్ 18 డిగ్రీల చల్లదనం నిలిచే ఫ్రీజరులో నెలరోజులు నిశ్చింతగా ఉంచవచ్చును. ఒకే తలుపు ఉన్న ఫ్రిజ్‌లోని చిన్న అరకు అంత చల్లదనం ఉండదు, వారంలోపే వాడండి.

కరగించుటలోనే ప్రమాదం

నరసరావుపేట ఉపాధ్యాయిని ఒకరు పిల్లలిద్దరికీ వాంతులు, విరేచనాలని వచ్చారు. బడికి వెళ్తూ ఉదయం చేపను వంటగట్టుపై పెట్టి, సాయంత్రం వండారట. రెంటచింతల ఎండలెరిగిన మన ప్రాంతంలో అది తగదు. వండబోయే ముందు రాత్రి ముక్కలను ఫ్రిజ్ కింది అరలోకి దించండి. కరగిన దానిని మళ్ళీ గడ్డకట్టించవద్దు. కరెంటు పోతే తలుపు తెరవకండి. నిండుగా ఉన్న ఫ్రీజరు సుమారు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లదనాన్ని నిలుపుతుంది. వెచ్చబడిన చేపను, ఎంత ఖరీదైనదైనా, పారవేయండి.

వంట, పథ్యం

ఉల్లి, ధనియాలు, మెంతిపొడితో చింతపండు పులుసును ముందురోజే కాచి, చల్లార్చి ఫ్రిజ్‌లో ఉంచుకొంటే, సాయంత్రం అది బాగా తెర్లిన తరువాత ముక్కలు వేసి పన్నెండు, పదిహేను నిమిషాలలో దించుకోవచ్చును. పిత్తప్రకృతి వారు కారం తగ్గించాలి. చేప గురువు కనుక రాత్రి పెందలాడే, మితంగా భుజించాలి. పాలతో చేప విరుద్ధాహారమని చరకం 26వ అధ్యాయం చెప్పుచున్నది. ఆ రాత్రి పిల్లలకు పాలు ఇవ్వవద్దు. చర్మవ్యాధులున్నవారు వైద్యుని అడిగి తినడం మంచిది.