కొబ్బరి చెట్టెక్కే రోబో: విద్యార్థులు ప్రయోగానికి వస్తే రైతు చూసుకోవలసినవి

ఉద్దానంలో గెల కోతకొచ్చినా చెట్టెక్కే మనిషి సమయానికి దొరకని రైతుల కోసం ఈ సమాచారం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కూల్చిన చెట్ల స్థానంలో నాటినవి ఇంకా అంత ఎత్తు పెరగలేదు. నిలిచిన పాత చెట్లతోనే తిప్పలు.

టెక్కలిలోని ఐతం, ఎచ్చెర్లలోని ట్రిపుల్ ఐటీ వంటి చోట్ల ఇంజనీరింగ్ విద్యార్థులు చివరి ఏడాది జట్టుగా ఒక ప్రాజెక్టు చేస్తారు. మోటార్లు, సెన్సార్లు కలిపి రోబో తయారు చేయాలనుకునే వారికి అసలైన సమస్య కావాలి. ఐఐటీ బొంబాయి నడిపే ఈ-యంత్ర రోబో పోటీల్లోనూ వ్యవసాయ పనులు ఇస్తుంటారు గానీ, అక్కడ ఉండేది నమూనా తోట. గాలికి ఊగే చెట్టు మీ దగ్గరే ఉంది. నాలుగో ఏడాది మొదట్లోనే కళాశాలకు వెళ్లి మెకానికల్ లేదా ఎలక్ట్రానిక్స్ విభాగంలో అడగండి.

వెళ్లేముందు నాలుగైదు చెట్ల చుట్టుకొలత మొదట్లో, ఛాతీ ఎత్తులో, వీలైతే పైన కొలిచి రాసుకోండి. కాండం పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. కింద సరిపోయిన పట్టు పైన వదులై రోబో జారుతుంది. వానకు తడిసి పాచి పట్టిన కాండం మీద మరీ కష్టం. ఏ చెట్టు వంగి ఉందో కూడా చెప్పండి.

అన్నిటికంటే ముఖ్యం, పట్టు కోసం చక్రాలకు మేకులు, ముళ్లు పెట్టనివ్వవద్దు. కొబ్బరి కాండానికి తగిలిన గాయం మామిడికి పూడినట్టు పూడదు. ఆ గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. చెట్టే పోవచ్చు. రబ్బరు చక్రాలే వాడమనండి. పొరపాటున గాయమైతే అదే రోజు తారు పూయాలి.

బ్యాటరీ అయిపోయినా రోబో పడిపోకుండా కాండాన్ని పట్టుకుని ఉండాలి, తాడుతో దించుకునే వీలుండాలి. ఈ రెండూ నేల దగ్గరే పరీక్షించి చూపమనండి. కరెంటు తీగల పక్క చెట్టు వద్దు. ప్రయోగం జరిగేటప్పుడు చెట్టు కిందికి పిల్లలను, పశువులను రానివ్వవద్దు.

తొలి ఏడాదే గెల కోస్తుందని ఆశించవద్దు, ముందుగా డబ్బూ కట్టవద్దు. కెమెరాను మొవ్వు దాకా మోసినా మేలే. కొమ్ము పురుగు తొలిచిన రంధ్రాలు కిందినుంచే కనిపిస్తాయి. ఆ పురుగును ఇనుప కొక్కెంతో తీయడానికి మాత్రం ఇప్పటికీ మనిషే ఎక్కాలి.