నేలలోని జీవులు - మన సేద్యము

చంద్రపుర మండలమున పడమట ప్రత్తి పండు నల్లరేగడియు, తూర్పున వరి పండు నేలలును గలవు. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలో నుండిన రాజురా తాలూకా 1959లో ఈ జిల్లాలో చేరినది. ఎల్ల మారినను రేగడి మారలేదు. కావున ఈ విచారము ఇరువైపుల తెలుగువారికిని వర్తించును.

మట్టిలో బడిన ఆకులను, వేళ్ళను మొదట బాక్టీరియాలును శిలీంధ్రములును తినును. వీనిని ఏకకణజీవులును, కంటికి కనరాని నులిపురుగులును తినును. వానిని నల్లివంటి సూక్ష్మకీటకములు తినును. ఇట్లు ఒకదాని నొకటి తినునపుడు మిగిలిన నత్రజని పైరున కందు రూపమున విడుదలయగును. వానపాములు చెత్తను మట్టితో మ్రింగి విసర్జించి నేలను గుల్లచేయును. ఈ పనిని వివరించుచు డార్విను 1881లో ఒక గ్రంథమునే వెలువరించెను.

పలుమారులు దున్నినచో శిలీంధ్రముల దారములు తెగును. వానపాముల బొరియలు చెదరును. చెత్తను కాల్చి, పేడను మాని, రసాయనపు టెరువులతోనే సరిపుచ్చినచో ఈ జీవులకు తిండి తఱుగును. స్వీడను, బ్రిటను, చెకు దేశము, గ్రీసులలోని పొలములను పరిశీలించి 2015లో ప్రకటించిన పరిశోధనయందు, సేద్యపు టొత్తిడి హెచ్చినకొలది వానపాములవంటి పెద్ద జీవులు తగ్గినట్లు తేలినది. ఒత్తిడి తక్కువైన పచ్చికబయలిలోని శిలీంధ్రప్రధానమగు జీవజాలము, గోధుమచేనిలోని బాక్టీరియాప్రధానమగు దానికంటె అనావృష్టికి బాగుగ నోర్చినదని 2012లో మఱియొక పరిశోధన తెలిపినది. వానపైనే ఆధారపడిన మన ప్రత్తిరైతునకు ఇది చిన్న సంగతి కాదు.

అయినను శీతలదేశముల ఫలితములను మన రేగడికి యథాతథముగ అన్వయింపరాదు. రేగడి వేసవిలో నెఱ్ఱెలు విచ్చి, వానకు ఉబ్బి, తనంతట తానే కదలు నేల. కలుపునకు గుంటక తోలకయు తప్పదు. ప్రత్తికట్టెను చేనిలో నట్లే విడిచినచో, మిగిలిన కాయలలో గులాబీరంగు పురుగు దాగి మఱుసటి పంటను చెఱచును. అందుచేతనే పలువురు దానిని కాల్చుచున్నారు. కాల్చుటకు మాఱుగ కట్టెను సన్నగ నఱికి, పేడతో కలిపి గోతిలో మాగవేసినచో పురుగు నశించును, నేలకు తిండియు దక్కును. ప్రత్తి నడుమ కందిసాళ్ళు వేయు పాత అలవాటును విడువరాదు. కంది రాల్చిన ఆకు నేలకే చేరును.

తొలకరి పిమ్మట గట్టుమీద నొకచోట, చేనిలో నొకచోట అడుగులోతు త్రవ్వి వానపాములను లెక్కించి చూడుడు. ఆ రెండు లెక్కల భేదమే మన సేద్యము నేలపై మోపిన భారమును కొంత తెలుపును. పులికొఱకు తాడోబా 1955లో జాతీయోద్యానమైనది. వానపామునకు రైతే దిక్కు.