తెల్లవార్లూ చిందేసే ఒంటికి ఏ బట్టలు?

రేవ్ అంటే ఎలక్ట్రానిక్ సంగీతానికి గంటల తరబడి, చాలాసార్లు తెల్లవారేదాకా, గుంపులో చిందులేసే రాత్రి. తెలుగువారికి ఇది ఎక్కువగా పోలీసు దాడుల వార్తల ద్వారానే పరిచయం. పుట్టిన చోట మాత్రం దానికి సొంత సంగీతం, సొంత మర్యాదలు, సొంత వేషధారణ ఉన్నాయి. ఆ వేషం చూడటానికి ఎంత విచిత్రంగా ఉన్నా, దాని మూలం చెమటలో ఉంది.

1987 చివర్లో డానీ రాంప్లింగ్ లండన్‌లోని ఒక వ్యాయామశాలలో షూమ్ అనే క్లబ్ మొదలుపెట్టారు. అప్పటిదాకా నగరంలోని చాలా క్లబ్బులకు ముస్తాబై వెళ్లాల్సిందే. షూమ్ గది చిన్నది. పొగ, ఉక్క, కిక్కిరిసిన జనం. అక్కడ ఇస్త్రీ చొక్కా అరగంట కూడా నిలవదు. అందుకే వదులు టీషర్టులు, డంగ్రీలు, నుదుటికి రుమాళ్లు, కాన్వాసు బూట్లు వచ్చాయి. 1988 వేసవికల్లా పసుపుపచ్చ నవ్వుముఖం అచ్చేసిన టీషర్టు బ్రిటన్ అంతా కనిపించింది. మరుసటి ఏడాది ఈ రాత్రులు లండన్ చుట్టూ ఉన్న ఎం25 రహదారి పక్క పొలాల్లోకి, గోదాముల్లోకి పాకాయి. పొలంలో బురద, తెల్లవారుజామున చలి. కాబట్టి టోపీ ఉన్న మందపాటి స్వెట్‌షర్టు కూడా ఈ వేషంలో చేరింది.

బెర్లిన్ దారి వేరు. బెర్లిన్ గోడ కూలాక, 1991లో ఒక పాత డిపార్ట్‌మెంట్ స్టోరు నేలమాళిగలోని ఇనుప ఖజానా గదుల్లో ట్రెజోర్ క్లబ్ తెరిచారు. అలాంటి చీకటి కాంక్రీటు గదులకు నలుపే నప్పింది. నల్లబట్టకు చెమట మరక, దుమ్ము కనబడవు. ఈ సంగతి తెలిస్తే బెర్లిన్ నలుపు వట్టి డాబుగా తోచదు. గోవాలోని అంజునా తీరంలో ట్రాన్స్ అనే ఎలక్ట్రానిక్ సంగీతంతో జరిగే పార్టీలు ఇందుకు పూర్తిగా ఎదురు. అక్కడ మెరిసే నారింజ, ఆకుపచ్చ రంగులదే రాజ్యం. ఆ ఫ్లోరసెంట్ రంగులు కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని, కనబడే వెలుగుగా వదులుతాయి. ఉతికిన తెల్లచొక్కా కూడా ఆ కాంతినిచ్చే దీపాల కింద నీలంగా వెలుగుతుంది. సబ్బుపొడిలో తెలుపుదనం కోసం కలిపే పదార్థాలదే ఆ పని. వెలగాలనుకునేవారికి ఖరీదైన దుస్తులేమీ అక్కర్లేదు.

ఇక రేవ్ వేషం ఎంపికలో ముందు చూడాల్సింది బట్ట. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. కిక్కిరిసిన గదిలో గాలే తడిగా ఉంటుంది కనుక చెమట ఓ పట్టాన ఆరదు. నూలు టీషర్టు మెత్తగా ఉంటుంది కానీ, చెమట పీల్చి బరువెక్కి వీపుకు అతుక్కుంటుంది. వేకువజామున బయటికి అడుగుపెట్టగానే ఆ తడిబట్టే వణికిస్తుంది. ఆటగాళ్లు వేసుకునే పలుచని పాలిస్టర్ జెర్సీ అయితే త్వరగా ఆరుతుంది. దాని మీదికి నడుముకు కట్టుకోగల తేలికపాటి జాకెట్ ఒకటి చాలు. నిగనిగలాడే వినైల్, రెక్సిన్ దుస్తులు ఫొటోలో బాగుంటాయి. కానీ వాటిలోంచి గాలి ఆడదు, వేడి బయటికి పోదు. తల తిరిగి పడిపోయేంత ప్రమాదం ఉంది. ఆ మెరుపు మీద అంత మోజుంటే బెల్టుతో సరిపెట్టుకోవడం మేలు.

బట్టల కన్నా ముఖ్యం బూట్లు. రాత్రంతా భారం మోసేవి పాదాలే, నేలేమో సాధారణంగా కాంక్రీటు. దాని మీద ఒలికిన పానీయాలు, చితికిన ప్లాస్టిక్ గ్లాసులు, చీకట్లో పక్కవాళ్ల మడమలు. చెప్పులు, హైహీల్స్ ఇక్కడికి పనికిరావు. వేళ్లు పూర్తిగా మూసే, అడుగున మెత్త ఉన్న, జారని స్నీకర్లు కావాలి. గంటల తరబడి నిలబడితే పాదాలు ఉబ్బుతాయి కనుక ముందు భాగంలో కాస్త చోటుండాలి. లేసు రెండు ముళ్లు వేసి, కొసలు లోపలికి దోపాలి. ఎత్తు అడుగుల బూట్లు ఈ వేషంలో చాలాకాలంగా ఉన్నాయి. కానీ అలవాటు లేనివాళ్లకు వాటితో చీలమండ బెణకొచ్చు.

చెవులను చాలామంది మరిచిపోతారు. సంగీత వేదికల్లో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. స్పీకర్ల పక్కన అంతకన్నా ఎక్కువ మోత సులువుగా ఉంటుంది. దారానికి కట్టిన రంగుల ఇయర్‌ప్లగ్స్ మెడలో వేసుకుంటే చూడటానికీ బాగుంటాయి, మర్నాడు చెవిలో హోరూ ఉండదు. ఫోను, డబ్బు, ఇంటి తాళంచెవి పట్టే జిప్పు సంచి నడుముకు ముందువైపు ఉండాలి. వేలాడే లోలాకులు, పొడవాటి చున్నీ గుంపులో చిక్కుకుంటాయి. జుట్టు ముడి వేయడమే హాయి.

ఇవన్నీ అమిరాక సొగసు సంగతి. ఒక్క వస్తువును కొట్టొచ్చినట్టు ఉంచి మిగతావన్నీ సాదాగా ఉంచితే చాలు: అది మెరిసే చొక్కా కావచ్చు, ముఖం మీద రంగు కావచ్చు, అమెరికా రేవర్లు చేత్తో గుచ్చి ఒకరికొకరు మార్చుకునే ప్లాస్టిక్ పూసల గాజులు కావచ్చు. వేషం మొత్తం వేసుకుని ఇంట్లోనే రెండు పాటలకు ఎగిరి చూడాలి. చేతులు పైకెత్తినా, గొంతుక్కూర్చున్నా ఎక్కడా పట్టేయకూడదు. కొత్త బూట్లయితే కనీసం వారం ముందునుంచే తొడిగి తిరగండి, రేవ్ రాత్రి మాత్రం మొదటిసారి వేసుకోవద్దు.